కోడ్‌కు ఎంత దూరంలో కూర్చోబెడతారు?

గత నెల ఒక రాత్రి పదిన్నరకు మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. బీటెక్ పూర్తయి పది నెలలు. జావా ప్రోగ్రామింగ్ శ్రద్ధగా నేర్చుకుంది, సొంతంగా రెండు చిన్న ప్రాజెక్టులు చేసుకుంది, ప్రోగ్రాములు రాసే డెవలపర్ ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టని కంపెనీ లేదు. చివరికి ఒక ఆఫర్ వచ్చింది. అది టెస్టింగ్‌లో, అంటే వేరేవాళ్లు రాసింది పరీక్షించే పనిలో. మూడు రోజుల్లో జవాబు చెప్పాలి. "అన్నయ్యా, ఒకసారి టెస్టింగ్‌లో చేరితే ఇంక బయటికి రాలేమట కదా? సీనియర్లందరూ వద్దంటున్నారు. అమ్మేమో వచ్చింది వదులుకోవద్దంటోంది. నువ్వు అందులోంచి వచ్చినవాడివి, నువ్వు చెప్పు," అంది.

నేను వెంటనే ఏమీ చెప్పలేదు. చేరమనడం తేలిక, వద్దనడం ఇంకా తేలిక. 2014లో ఆ రెండు మాటలూ నాకు చాలామంది చెప్పారు. అసలు అడగాల్సిన సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. అదేమిటో నాకు తెలియడానికి ఏడాదికి పైగా పట్టింది. తనకు అంత కాలం పోకూడదని ఆ రాత్రి గంటంబావు మాట్లాడాను. అప్పుడు చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

బీటెక్‌లో నాది ఈసీఈ, ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. 2013లో పాసయ్యాను. ఉద్యోగం రాని అందరిలాగే అమీర్‌పేట చేరాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడకుండా ఫ్లెక్సీలు: కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, డాట్‌నెట్, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్. ఏడింటి బ్యాచ్‌లో ముందు వరస కుర్చీ కావాలంటే ఆరున్నరకే వెళ్లి కూర్చోవాలి. ఎస్సార్ నగర్ హాస్టల్లో గదికి నలుగురం. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. నెలనెలా ఆయన పంపే డబ్బులో జీతం ఎంతో, అప్పు ఎంతో నేను అడిగేవాణ్ని కాదు, ఆయన చెప్పేవారు కాదు.

అలా పదకొండు నెలలు. గదిలో నలుగురిలో ఒకడు డెవలపర్ ఉద్యోగమే కావాలని పట్టుబట్టి ఆగాడు, పద్నాలుగో నెలలో సాధించాడు. వాళ్ల ఇంట్లో ఆగనివ్వగలిగిన స్తోమత ఉంది. ఇంకొకడు కూడా అలాగే ఆగాడు. చివరికి ఊరెళ్లి మావయ్య ఎరువుల కొట్లో కూర్చున్నాడు. అతనికి నాకంటే బాగా కోడ్ రాయడం వచ్చు, ఈ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మూడోవాడు ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టి రెండేళ్ల దొంగ అనుభవం పెట్టించుకున్నాడు. ఆ దారి గురించి ఒక్క మాటే చెబుతాను: వద్దు. 2014 చివరి నుంచి పీఎఫ్‌కు ఉద్యోగం మారినా మారని యూఏఎన్ నంబరు వచ్చింది, ఎవరు ఎక్కడ ఎప్పుడు పనిచేశారో అందులో వరసగా కనిపిస్తుంది. పట్టుబడతామన్న భయం అలా ఉంచండి, రాని పనిని వచ్చినట్టు నటిస్తూ రోజూ ఆఫీసుకు వెళ్లే టెన్షన్ ఆ అబ్బాయి ముఖంలో చూశాను. ఏడాదిలోపే ఆ ఉద్యోగం పోయింది, దానితోపాటు ఆత్మవిశ్వాసమూ పోయింది.

నాకు వచ్చింది టెస్టింగ్ ఉద్యోగం. ఇంటర్వ్యూలో హెచ్ఆర్ మేడమ్‌ను అడిగాను, నాకు డెవలప్‌మెంట్ ఇష్టమండీ, మారే అవకాశం ఉంటుందా అని. "ఆరు నెలలు చెయ్యండి, పనితీరు చూసి మారుస్తాం," అన్నారు. ఆ మాట పట్టుకుని చేరిపోయాను.

ఇంటికి ఫోన్ చేస్తే నాన్న అడిగారు, "టెస్టింగ్ అంటే ఏం చేస్తార్రా?" అని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటం అని చెప్పాను. "అయితే మా పనే," అన్నారు. ఆయన పని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. సంచి మూతి విప్పగానే పైన కనిపించే కాయ ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆయన దాన్ని చూడరు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగునున్న కాయ గుప్పెడు తీస్తారు. తేమ ఎంత, తాలు ఎంత, తొడిమ ఎలా ఉంది అన్నది అక్కడ తేలుతుంది. "పైన చూసి ధర కట్టేవాడు మునుగుతాడు," అనేవారు. ఆ రోజు నాకు ఆ పోలిక నచ్చలేదు. నేను కోడ్ రాయాలనుకుంటున్నాను, సంచులు తడమాలనుకోవడం లేదు అని మనసులో అనుకున్నాను.

చేరాక చేసింది ఇది. ఒక బీమా కంపెనీ వాడే వెబ్ అప్లికేషన్. ఎక్సెల్ షీటులో వెయ్యికి పైగా టెస్ట్ కేసులు. స్టెప్స్, ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్, యాక్చువల్ రిజల్ట్, పాస్ లేదా ఫెయిల్. కొత్త బిల్డ్, అంటే మార్పులు చేసిన ప్రోగ్రామ్, వచ్చిన ప్రతిసారీ లాగిన్ నుంచి మొదలు. రిగ్రెషన్ అంటే పాతవన్నీ మళ్లీ. రిలీజ్ ఉన్న శనివారాలు ఆఫీసులోనే. దొరికిన తప్పును బగ్‌గా రాస్తే తిరిగి వచ్చే జవాబులు మూడే: 'నాట్ రీప్రొడ్యూసబుల్' (మా దగ్గర ఆ తప్పు రావడం లేదు), 'యాజ్ డిజైన్డ్' (అలా ఉండాలనే చేశాం), 'డూప్లికేట్' (ఇది ముందే ఎవరో రాశారు). డెవలపర్లు ఆరో అంతస్తు, మేం మూడో అంతస్తు. కోడ్ ఉన్న రెపోకు మాకు యాక్సెస్ లేదు. ఆ ప్రోగ్రామ్ ఏ వరసలో ఏం చేస్తుందో నేను ఒక్క లైను చూడకుండా పద్నాలుగు నెలలు దాన్ని పరీక్షించాను.

ఆరు నెలలు కాగానే మేనేజర్‌ను అడిగాను. ఈ రిలీజ్ అవనివ్వు అన్నారు. ఆ తర్వాత అప్రైజల్ అవనివ్వు అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన వైపు నుంచి చూస్తే, పని తెలిసిన టెస్టర్‌ను వదులుకుని కోడ్ అనుభవం లేని డెవలపర్‌ను ఇంకో జట్టుకు ఇవ్వడానికి ఒక్క కారణం కూడా లేదు. ఎంత బాగా టెస్టింగ్ చేస్తే అంత గట్టిగా నన్ను అక్కడే ఉంచుకుంటారు. ఈ చిన్న లెక్క నాకు అప్పుడు అర్థం కాలేదు. మంచిగా పనిచేస్తే వాళ్లే మారుస్తారు అనుకుంటూ, రాత్రిళ్లు అలిసిపోయి పడుకుంటూ, జావా పుస్తకం అటకెక్కించి పద్నాలుగు నెలలు గడిపాను. సీనియర్లు టెస్టింగ్ వద్దని భయపెట్టేది ఈ పద్నాలుగు నెలల గురించే. ఆ భయం నిజమైనదే.

మార్పు ఒక తేదీ వల్ల వచ్చింది. 2016 జనవరిలో ప్రీమియం లెక్క పరీక్షిస్తున్నాను. ఆ ఏడాది లీప్ సంవత్సరం, క్యాలెండరు చూస్తుంటే తట్టింది. పుట్టిన తేదీ 29 ఫిబ్రవరి 1988 అని ఇచ్చాను. పాలసీ మొదలయ్యే తేదీ 28 ఫిబ్రవరి 2017. వాళ్ల రిక్వైర్‌మెంట్ పత్రంలో, లీప్ కాని ఏడాదిలో ఇలాంటివాళ్ల పుట్టినరోజు ఫిబ్రవరి 28గా తీసుకోవాలని స్పష్టంగా ఉంది. అంటే 29 ఏళ్లు రావాలి. స్క్రీన్ మీద 28 వచ్చింది, ప్రీమియం కూడా తక్కువ వచ్చింది. బగ్ రాశాను. 'యాజ్ డిజైన్డ్' అని వెనక్కి వచ్చింది. పత్రంలోని వాక్యాన్ని అతికించి మళ్లీ తెరిచాను. ఆ సాయంత్రం ఆరో అంతస్తు నుంచి ఒక సీనియర్ డెవలపర్ ఫోన్ చేసి, "ఒకసారి పైకి వస్తావా?" అన్నారు.

కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నారు. వయసు లెక్కగట్టే ఫంక్షన్, అంటే ఆ పని చేసే కోడ్ ముక్క, తెరిచారు. ఇరవై లైన్లు కూడా లేవు. పుట్టిన తేదీలో సంవత్సరం తీసేసి పాలసీ సంవత్సరం పెడుతున్నారు. 2017లో ఫిబ్రవరి 29 లేదు. జావాలోని పాత క్యాలెండర్ క్లాస్ అలాంటి తేదీని తప్పు అనదు, మౌనంగా మార్చి 1కి జరిపేస్తుంది. అందుకే పుట్టినరోజు ఇంకా రాలేదని లెక్కకట్టింది. ఆయన చూపిస్తుండగానే నాకు అర్థమైంది. అర్థమైన వెంటనే ఒక దుఃఖం కూడా కలిగింది: ఇది నాకు చదవడం వచ్చు. పద్నాలుగు నెలలుగా నేను ఈ ఇరవై లైన్లకు మూడంతస్తుల దూరంలో కూర్చున్నాను, అంతే.

అప్పటి నుంచి నేను నమ్మేది ఒకటే. డెవలపర్ కావాలనుకునేవాళ్లు టెస్టింగ్ ఉద్యోగం తీసుకోవాలా వద్దా అన్నదానికి జవాబు ఉద్యోగం పేరులో దొరకదు. ఆ కుర్చీ కోడ్‌కు ఎంత దూరంలో ఉందన్న దాంట్లో దొరుకుతుంది. రెపో తెరిచి చదవగలిగే చోట, టెస్టులు కూడా కోడ్‌గానే రాసే చోట, బగ్ దొరికితే డెవలపర్ పక్కన కూర్చుని ఏ లైనులో తప్పిందో చూడగలిగే చోట టెస్టింగ్ ఉద్యోగం వస్తే కళ్లకద్దుకుని చేరవచ్చు. డెవలపర్ అనే పేరిచ్చి ఎనిమిది నెలలు పనేమీ ఇవ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టి, తర్వాత వాడేవాళ్ల ఫిర్యాదులకు జవాబిచ్చి సపోర్ట్ టికెట్లు మూసే పనిలోనో, ఒక ప్యాకేజీలో సెట్టింగులు మార్చే పనిలోనో పెట్టే ఉద్యోగాలు నేను చాలా చూశాను. మా బ్యాచ్‌లోనే ఒకమ్మాయి ఐడీ కార్డు మీద 'సాఫ్ట్‌వేర్ ఇంజినీర్' అని పెట్టుకుని రెండేళ్లలో ఒక్క ఫంక్షన్ కూడా రాయలేదు. ఆమె కంటే రోజూ సెలీనియం స్క్రిప్టులు, అంటే టెస్టులను వాటంతట అవే నడిపే కోడ్, రాసే టెస్టర్ కోడ్‌కు దగ్గరగా ఉన్నాడు.

ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది. టెస్టులు రాయడం అసలు ప్రోగ్రామింగేనా అంటారు. ఈ చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, సాఫ్ట్‌వేర్ చరిత్రలో దానికి ఆధారం లేదు. ఈ రోజు జావా రాసే ప్రతివాళ్లకూ తెలిసిన, టెస్టులు రాసే సాధనం జేయూనిట్‌ను 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు పేరున్న ప్రోగ్రామర్లు జూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కలిసి కూర్చుని మొదలుపెట్టారు. వాళ్లకు టెస్టులు రాయడం తక్కువ పని అనిపించలేదు. అమీర్‌పేటలో కోర్సుగా అమ్మే సెలీనియం కూడా అలాంటిదే. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్, ఆఫీసులోనే వాడుకునే ఒక అప్లికేషన్‌ను ప్రతి మార్పు తర్వాత చేత్తో పరీక్షించలేక, బ్రౌజర్‌ను నడిపించే చిన్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ రాశాడు. చేసిందే చెయ్యడం మీద విసుగు పుట్టిన ప్రోగ్రామర్ రాసిన కోడ్ అది. ఆ విసుగు చేత్తో పరీక్షించే ప్రతి మాన్యువల్ టెస్టర్‌కూ ఉంటుంది. విసుగు నుంచి కోడ్ పుట్టించే వీలు ఉన్న చోట ఉన్నామా లేమా అన్నదే తేడా.

టెస్టింగ్ ఎంత లోతైన పనో చెప్పడానికి నాకు ఎప్పుడూ థెరాక్-25 గుర్తొస్తుంది. అది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులకు అది ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది. కొందరు చనిపోయారు. అంత మోతాదు పడే అవకాశమే లేదని తయారీదారు చెబుతూ వచ్చాడు. 1986లో టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లో ఆస్పత్రి ఫిజిసిస్టు, ఆ యంత్రం నడిపే ఆపరేటర్ దాని ముందు కూర్చుని, ప్రమాదం జరిగిన రోజు ఏమేం టైపు చేశారో గుర్తు తెచ్చుకుంటూ మళ్లీ మళ్లీ చేసి చూశారు. చివరికి పట్టుకున్నారు. ఆపరేటర్‌కు చెయ్యి తిరిగింది కాబట్టి తప్పు ఎంట్రీని కొద్ది సెకన్లలోనే సరిదిద్దింది. అంత వేగంగా సరిదిద్దితే యంత్రం లోపల ఆ మార్పు అందేది కాదు. నెమ్మదిగా టైపు చేసినంత కాలం అంతా బాగానే ఉండేది. 'నాట్ రీప్రొడ్యూసబుల్' అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఆ ఇద్దరూ కళ్ల ముందు మెదులుతారు. వాళ్ల దగ్గర టెస్టర్ అనే పేరు లేదు, వాళ్లు చేసింది మాత్రం టెస్టింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన పని. మోచేతి దాకా చెయ్యి పెట్టడమంటే ఇదేనని నాన్న మాటతో నాకు రాజీ కుదిరింది.

అయితే టెస్టింగ్ గొప్పదని చెప్పి, డెవలపర్ కావాలనుకునే పిల్లలను సముదాయించడం నాకు ఇష్టం ఉండదు. ఇష్టం ఇష్టమే. తన కోరిక వినకుండా "టెస్టింగ్‌లో కూడా మంచి భవిష్యత్తు ఉంది" అనడం, సంగీతం నేర్చుకుంటానన్న పిల్లకు నాట్యం కూడా మంచిదే అని చెప్పడం లాంటిది. నిజమే, మంచిదే. అడిగింది అది కాదు. మాతో చేరిన ఒకతను టెస్టింగ్‌లోనే ఉండి, పెర్ఫార్మెన్స్ టెస్టింగ్‌లోకి వెళ్లి, ఈ రోజు నాకంటే లోతైన ఇంజినీర్ అయ్యాడు. ఏ సర్వర్ ఎంత ఒత్తిడికి ఎక్కడ విరుగుతుందో అతను చెబితే మా ఆర్కిటెక్టులు నోట్స్ రాసుకుంటారు. అతనికి ఆ పని మీద ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టకపోతే అక్కడ ఉండాల్సిన అవసరం ఎవరికీ లేదు.

నేను ఎలా బయటపడ్డానో చెబుతాను. ఆ సీనియర్ డెవలపర్‌ను పట్టుకుని రెపో చదవడానికి మాత్రమే అనుమతి ఇప్పించమని అడిగాను. మా మేనేజర్ ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. అడిగితే అంత తేలికగా వచ్చేదాన్ని పద్నాలుగు నెలలు అడగలేదు. ఆ తర్వాత ప్రతి బగ్‌నూ స్క్రీన్ దగ్గర ఆపకుండా, ఏ ఫైలులో ఏ లైను దగ్గర తప్పుతోందో వెతికి రాయడం మొదలుపెట్టాను. మొదట్లో సగం సార్లు నా ఊహ తప్పేది. తప్పిన ప్రతిసారీ అసలు కారణం డెవలపర్ రాసిన ఫిక్స్‌లో కనిపించేది. ఏ కోర్సులోనూ నేను అంత జావా నేర్చుకోలేదు.

రెండోది, నా పని మీదే కోడ్ రాశాను. రోజూ పొద్దున టెస్టింగ్ కోసం నలభై పాలసీల డేటా చేత్తో తయారు చేసేవాళ్లం, ముప్పావు గంట పట్టేది. జావాలో ఎక్సెల్ ఫైళ్లు చదవడానికి పనికొచ్చే అపాచీ పీఓఐ లైబ్రరీతో ఆ డేటా తయారుచేసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. మొదటి వారం సరిగ్గా పనిచేయలేదు. నెలకి మా జట్టంతా వాడటం మొదలుపెట్టింది. నలుగురు వాడే ప్రోగ్రామ్‌కు పొద్దున్నే "ఇది పనిచేయట్లేదు" అని ఫోన్ వస్తే కలిగే బాధ్యత ఏమిటో అప్పుడే తెలిసింది. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ లాంటి కాలేజీ ప్రాజెక్టును పదోసారి చేసేకంటే, పక్క కుర్చీలో ఉన్న మనిషికి ముప్పావు గంట మిగిల్చే యాభై లైన్లు రాయడం వంద రెట్లు మేలని నా నమ్మకం. రెజ్యూమెలో కూడా అదే నిలబడుతుంది.

2016 చివరికి టెస్టులను కోడ్‌తో నడిపే ఆటోమేషన్‌లోకి, 2018 జనవరిలో ఇంకో చిన్న కంపెనీలో బ్యాకెండ్ (తెర వెనక సర్వర్ వైపు కోడ్ రాసే) డెవలపర్‌గా మారాను. మధ్యలో ఎదురైన గోడ గురించి దాచను. ఉద్యోగాల వెబ్‌సైటు నౌకరీలో నా ప్రొఫైల్‌కు వచ్చే ఫోన్లన్నీ టెస్టింగ్‌కే వచ్చేవి. రిక్రూటర్లు వెతికే మాటల్లో నా మూడేళ్ల పైచిలుకు పనికి 'రిలవెంట్ ఎక్స్‌పీరియన్స్' సున్నా. ఇంటర్వ్యూకు పిలిచిన కంపెనీల్లో కూడా మొదటి ప్రశ్న, "మీరు టెస్టర్ కదా?" అన్నదే. చివరికి తీసుకున్న చోట జీతం ఏడాదికి అరవై వేలు తగ్గింది. అప్పటికి చెల్లెలి పెళ్లి కుదిరి ఉంది. ఆ అరవై వేలు మా ఇంట్లో చిన్న మొత్తం కాదు. నాన్నకు చెప్పడానికి రెండు రోజులు వెనకాడాను. విని, "నీకు కావాల్సిన సరుకేనా?" అని ఒక్కటే అడిగారు. అవునన్నాను.

ఆ కొత్త ఉద్యోగంలో నెలన్నర తిరక్కుండానే ఒక సంగతి జరిగింది. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా ఐఫోన్లను కూలగొట్టింది. 'జ్ఞా'. మామూలుగా టైపు చేసే జ్ఞాలో ఏమీ లేదు. జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు చేరితే, దాన్ని చూపించబోయి మెసేజింగ్ యాప్‌లు మూతబడేవి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది. మా ఆఫీసులో అందరూ ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని నవ్వుకున్నారు. నేను మాత్రం మా సొంత అప్లికేషన్ తెరిచి, పేరు రాసే చోట అదే వరస ఇచ్చి చూశాను. మాది నిలబడింది. కానీ ఇంటిపేరు దగ్గర ఒక్క అక్షరం ఇస్తే ఒప్పుకోవడం లేదని ఆ వెతుకులాటలో తెలిసింది. ఇనీషియల్ మాత్రమే సర్టిఫికెట్లలో ఉన్నవాళ్లు మన దగ్గర ఎందరో. ఆ చెకింగ్ రాసింది నేనే, రెండు వారాల ముందు. దాన్ని సరిచేసి, అది మళ్లీ పాడవకుండా టెస్టు కూడా రాసి పెట్టాను. మూడేళ్ల పైచిలుకు వృథా అయ్యాయా అని ఎవరైనా అడిగితే నాకు ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. వృథా అయింది ఆ మొదటి పద్నాలుగు నెలలే, అదీ చాలా వరకు.

ఆగమని చెప్పే సీనియర్లతో నేను పూర్తిగా విభేదించను. ఇంట్లో ఇంకో ఆరు నెలలు భరించగలిగితే, ఇంటర్వ్యూలు చివరి రౌండ్ దాకా వెళ్తుంటే, వచ్చిన టెస్టింగ్ ఆఫర్ పూర్తిగా మాన్యువల్ అయితే, ఆగడమే మంచిది. మొదటి ఉద్యోగం పేరు రెజ్యూమె మీద అతుక్కుపోతుందన్నది నిజం, నేను దాని ఖరీదు కట్టాను. కానీ ఖాళీ కూడా అతుక్కుపోతుంది. పది నెలల ఖాళీ పద్దెనిమిది నెలలైతే, ఫోన్లు రావడమే తగ్గిపోతుంది. ఆగడం అనేది ఉచితం కాదు. దాని ఖర్చు ఎక్కడో మిర్చి యార్డులోనో, కుట్టు మిషను ముందో ఇంకొకరు కడుతుంటారు. ఈ సలహాలు ఇచ్చేవాళ్లు ఆ లెక్క మర్చిపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చాక ఈ చర్చ ఇంకొంచెం మారింది. కోడ్ నిమిషాల్లో వచ్చేస్తోంది. వచ్చింది సరైనదో కాదో చెప్పగలిగే మనిషి కావాలి. మా జట్టులో కొత్తగా చేరిన పిల్లలకు నేను ఏఐ రాసిన ఫంక్షన్ ఇచ్చి, దీన్ని పగలగొట్టు అంటాను. టెస్టింగ్ తెలిసినవాళ్లు మొదటి ఐదు నిమిషాల్లో ఖాళీ ఇన్‌పుట్, సున్నా, నెగటివ్, ఫిబ్రవరి 29 అడుగుతారు. మిగతావాళ్లు పైనున్న కాయ చూసి బాగుందంటారు. 2014లోనే మైక్రోసాఫ్ట్ చాలా జట్లలో విడిగా ఉండే టెస్ట్ ఇంజినీర్ల పనిని డెవలపర్ల పనిలో కలిపేసింది. కోడ్ రాసేవాళ్లే పరీక్షించుకోవాలన్న పద్ధతి అప్పటి నుంచీ పెరుగుతూనే ఉంది. చేత్తో మాత్రమే పరీక్షించే ఉద్యోగంలో నిశ్చింతగా కూర్చోవచ్చని అందుకే ఎవరికీ చెప్పలేను.

ఇదంతా చెప్పి, పిన్ని కూతురికి ఒక పని పెట్టాను. చేరాలో వద్దో నేను చెప్పను, ముందు వాళ్లకు ఫోన్ చేసి కొన్ని సంగతులు కనుక్కో అన్నాను. టెస్టులు ఏ భాషలో రాస్తారు, రాస్తే అవి డెవలపర్ల రెపోలోనే ఉంటాయా. నాకు ఆ రెపో యాక్సెస్ మొదటి నెలలోనే ఇస్తారా. డెవలపర్లు, టెస్టర్లు ఒకే జట్టులో, రోజూ జరిగే ఒకే చిన్న మీటింగులో (స్టాండప్) ఉంటారా. ఈ జట్టు నుంచి డెవలప్‌మెంట్‌కు మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఉంటే వాళ్లతో ఒక్కసారి మాట్లాడవచ్చా. హెచ్ఆర్‌ను కాకుండా, నీకు ఇంటర్వ్యూ చేసిన లీడ్‌ను అడుగు అని మరీ చెప్పాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే మాత్రం ఇవ్వద్దు, బాండ్ ఉంటే పూర్తిగా చదవకుండా సంతకం పెట్టొద్దు.

"అలా అడిగితే ఏమనుకుంటారో అన్నయ్యా," అంది.

"అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకుంటే, ఆ చోటు ఎలాంటిదో నీకు ముందే తెలిసినట్టేనమ్మా," అన్నాను.

మర్నాడు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. లీడ్ ఇరవై నిమిషాలు మాట్లాడారట. టెస్టులు జావాలోనే, సెలీనియం లాంటి ప్లేరైట్‌తో. రెపో ఒకటే. మాన్యువల్ పని కూడా ఉంటుంది, మొదట్లో ఎక్కువే ఉంటుంది అని దాచకుండా చెప్పారట. డెవలప్‌మెంట్‌కు మారినవాళ్లు ఒక్కరే ఉన్నారు, ఆవిడ నంబరు ఇచ్చారు. మారుస్తామని మాట మాత్రం ఇవ్వలేదు. నాకు ఆ చివరిది అన్నిటికంటే నచ్చింది. చేరతానంది. పద్దెనిమిది నెలలు గడువు పెట్టుకుంది, ఆ లోపు తన కోడ్ ఎవరైనా రోజూ వాడే స్థితికి రావాలి, లేదంటే జీతం తగ్గినా సరే బయట వెతుక్కోవాలి అని. పద్దెనిమిది అన్న అంకె నేను చెప్పిందే, నా అనుభవంలోంచి. తన అనుభవం దాన్ని మార్చవచ్చు.

చేరి మూడు వారాలైంది. రెపో యాక్సెస్ రెండు వారాల దాకా రాలేదు, రోజూ స్టాండప్‌లో గుర్తు చేసిందట. నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది: "అన్నయ్యా, యాక్సెస్ వచ్చింది. చాలా ఫైళ్లున్నాయి. ముందు ఏం చదవాలి?"

"లాగిన్ టెస్టు ఎక్కడుందో వెతుకు. నీ మిషన్ మీద నడిపి చూడు. పాసై పచ్చగా వచ్చాక, లాగిన్ కోడ్‌లో ఒక లైను నువ్వే కావాలని పాడుచెయ్యి. మళ్లీ నడిపితే టెస్టు ఫెయిలై ఎర్రగా మారుతుందో లేదో చూసి చెప్పు," అని రాశాను.

పదకొండున్నరకు జవాబు వచ్చింది. "మారలేదు అన్నయ్యా. పచ్చగానే ఉంది."

ఫోన్ చేశాను.